ఎడమవైపు కుంగిన కారు

“గాలి తిత్తి పోయింది,” అన్నాడు కుబానిచ్, కారు కింద నుంచి బయటికి జరుగుతూ. “అందుకే ఎడమవైపు ఇలా కుంగింది. ఈ కార్లకి స్ప్రింగులుండవు, గాలి మీదే నిలబడతాయి. కొత్తది బిష్కెక్ పట్నం నుంచి రావాలి. నలభై వేల సోమ్‌లు అవుతుంది.”

“కుంగితే కుంగనీ బాబాయ్. వేడెక్కి ఆగిపోతోంది, అది చూడు చాలు,” అన్నాడు కుర్రాడు. మాట కుబానిచ్‌తోనే గానీ చూపంతా కొండ దారి మీదే ఉంది. చెంప మీద గోళ్ళ గీతలు. రక్తం ఇంకా ఆరలేదు.

కుబానిచ్ బానెట్ ఎత్తాడు. ఇరవై ఏళ్ళ కిందటి జర్మన్ కారు. ఒకప్పుడు ఏ పెద్దమనిషో దర్జాగా తిరిగి ఉంటాడు. ఇప్పుడు ఇంజన్ నిండా నూనె జిడ్డు. రేడియేటర్ గొట్టం చీలి ఆవిరి చిమ్ముతోంది. చీలిన ముక్క కోసేసి, క్లిప్పు బిగించి, నీళ్ళు పోస్తే కాసేపట్లో అయిపోయే పని. ఆ మాటే చెప్పబోతూ పక్కకి జరిగి, కిటికీ అద్దంలోంచి లోపలికి చూశాడు.

వెనక సీట్లో ఒక పిల్ల ముడుచుకుని కూర్చుంది. ఒక కాలికి ఇంట్లో వేసుకునే చెప్పు, రెండో కాలు ఉత్తదే. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి. పాదాల దగ్గర నలిగిపోయిన తెల్ల తలగుడ్డ పడి ఉంది.

సూసమీర్ లోయలో ఆ గుడ్డ సంగతి తెలియని వాళ్ళు లేరు. కన్నుపడ్డ పిల్లని దారిలో పట్టుకుని కార్లో పడేసుకుపోతారు. ఎంత గింజుకున్నా ఇంట్లో ఆడవాళ్ళు ఆ గుడ్డ తల మీద కప్పేశారంటే పెళ్ళయిపోయినట్టే. పోయినేడు అడ్డుపడబోయిన గుర్రప్పాలు అమ్ముకునే ఒకడి గుర్రాలపాక తెల్లారేసరికి బూడిదైంది.

కుబానిచ్ చటుక్కున బానెట్ చాటుకి వచ్చేశాడు.

“ఎంతసేపు పడుతుంది?” కుర్రాడు అడిగాడు.

“గొట్టం ఒక్కటే కాదు. నీళ్ళ పంపు కూడా పోయినట్టుంది,” అబద్ధం ఆడేశాడు కుబానిచ్. “లోపల చైను గలగలమంటోంది. అది తెగిందంటే ఇంజన్ పాత ఇనుముకే.”

“ఎంతైనా ఇస్తా. కనుమ దాటేదాకా నడిస్తే చాలు.”

“కారు నీదేనా?”

“మా యజమానిది. అడిగి తెచ్చా.”

“మరి ఆ పిల్ల?”

కుర్రాడి దవడ బిగుసుకుంది. “మా పిల్లే. నువ్వు ఈ లోయవాడివేనా బాబాయ్? ఇక్కడ నీ చుట్టాలెవరన్నా ఉన్నారా?”

తన షెడ్డు కూడా తగలబెట్టడానికే అడుగుతున్నాడనుకున్నాడు కుబానిచ్. “లేరు, మాది నరీన్ వైపు,” అని గొణిగి, పానా తెచ్చే వంకతో షెడ్డులోకి నడిచాడు.

భార్య జిపార్ అప్పటికే టీ, రొట్టె తీసుకెళ్ళి కారు దగ్గర నిలబడి తిరిగి వచ్చేసింది.

“ఆ పిల్ల ఏమీ ముట్టుకోలేదు. లోపలికొచ్చి పడుకో తల్లీ అన్నా. ఆ కుర్రాడి వంక చూసి, దిగనని తల ఊపింది. ఎంత బెదిరించాడో వెధవ!”

“మెల్లిగా మాట్లాడు. వింటాడు.”

“పోలీసులకి ఫోను చేశా. ఠాణాలో జీపు లేదట, సాయంత్రానికి వస్తారట. అందాకా కదలనివ్వకు.”

“వాడి దగ్గర కత్తి ఉంటే?”

“ఉంటే? ఊరుకుంటావా?”

కుబానిచ్ పానా చేతిలోకి తీసుకున్నాడు. వెళ్ళి చీలిన గొట్టంతో పాటు బాగున్నది కూడా ఊడదీశాడు. బోల్టులు ఒక్కొక్కటే విప్పి, కావాలనే మెల్లగా డబ్బాలో వేశాడు. కుర్రాడు నెత్తి మీదే నిలబడ్డాడు.

“అది కూడా ఎందుకు తీస్తున్నావ్?”

“ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే కనుమ మధ్యలో నిలబడిపోతావ్. ఈ కార్ల తంతే అంత. కొనేటప్పుడు చవక, బాగుచేయించేటప్పుడు ప్రాణం తీస్తాయి.”

“నన్ను అడగకుండా విప్పకు! ఆలస్యమైతే చస్తాం, తెలుసా?” కుర్రాడు అతని భుజం పట్టి కుదిపేశాడు. అంతలోనే వదిలేసి, అరచేతుల్తో మొహం కప్పుకున్నాడు. “నీళ్ళు తెస్తా. బిగించెయ్ బాబాయ్, నీ కాళ్ళు పట్టుకుంటా.”

అతను బకెట్టుతో వాగువైపు పరుగెత్తాడో లేదో, కొండ దారిలో దుమ్ము లేచింది. తెల్ల జీపు ఒకటి మెల్లగా, అటూ ఇటూ వెతుక్కుంటూ వస్తోంది. కుబానిచ్ షెడ్డు వైపు ఒక అడుగు వేశాడు. చూసీ చూడనట్టు ఉండిపోదామా అనుకున్నాడు. కార్లోని పిల్ల సీటు మీంచి కిందికి జారి కనపడకుండా నక్కింది. వాడి మనుషులు వస్తున్నారని కాబోలు, పాపం, ఎంత హడలిపోయిందో అనుకున్నాడు.

కానీ జీపులో ముందు సీట్లో ఉన్నది ఒక ముసలామె. డ్రైవరు కాక, వెనక ఇద్దరు మగవాళ్ళు. ఆమె కిటికీలోంచి సగం బయటికి వంగి, గుండెలు బాదుకుంటూ కేక వేసింది.

“నాయనా, నల్ల కారు ఏమన్నా ఇటు పోయిందా? మా పిల్లని మా గుమ్మంలోంచి ఎత్తుకుపోయాడయ్యా దొంగవెధవ!”

పిల్ల ఇంటివాళ్ళే వచ్చారనుకున్నాడు కుబానిచ్. ఉన్న భయమంతా దిగిపోయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఇక్కడే ఉంది పెద్దమ్మా! కారు కదలకుండా నేనే విప్పి పెట్టా. రండి, రండి!”

జీపు షెడ్డు ముందు ఆగింది. మగవాళ్ళిద్దరూ దూకారు. వాగు గట్టు మీద కుర్రాడి చేతిలోంచి బకెట్టు జారిపోయింది. అతను పారిపోలేదు. నేరుగా కారు వైపే పరుగెత్తుకొచ్చి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

వెనక తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల దిగి, ముసలామె వైపు కన్నెత్తి కూడా చూడకుండా, కుర్రాడి చొక్కా రెండు చేతులా పట్టుకుంది.

“అన్నయ్యా, నా మీద ఆ గుడ్డ కప్పినవాళ్ళ చేతికి నన్ను మళ్ళీ చిక్కనివ్వకు!”