నాలుగోసారి పేరు

"మీ పేరు చెప్పండి, పెదనాన్నా."

ఇర్బిద్ నగరంలోని ఆసుపత్రిలో నర్సింగ్ డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్న రుదైనా, సిరంజి పట్టుకుని ఇలా అడగడం పొద్దుటి నుంచి ఇది నాలుగోసారి.

మంచం మీది నవ్వాఫ్‌కు ఒళ్ళు మండింది. ఇందాకటిదాకా ఆమె టీచరు మార్కుల కాగితంతో పక్కనే నిలబడింది. ఆవిడ మెప్పు కోసమే ఈ పిల్ల అడుగుతోంది తప్ప, తన జవాబు చెవిన పెట్టడం లేదని అతని అనుమానం. ఇప్పుడు టీచరు పక్క వార్డుకు వెళ్ళింది. సంగతి తేల్చుకుందామనుకున్నాడు.

"ఫవ్వాజ్," అన్నాడు. అది పక్క మంచం ఆయన పేరు.

రుదైనా అతని మణికట్టుకున్న పేరు పట్టీ చదివింది. సిరంజిని ట్రేలో పెట్టేసి వెనక్కి తిరిగింది.

"ఎక్కడికే?"

"పట్టీ ఒకటి చెబుతోంది, మీరొకటి చెబుతున్నారు. మందు ఎవరిదో తేల్చుకుని వస్తాను."

"మీ టీచరు లేదుగా! ఇప్పుడెవరు వేస్తారు మార్కులు?"

"మందు పోయేది మీ ఒంట్లోకి పెదనాన్నా, ఆవిడ కాగితంలోకి కాదు."

నవ్వాఫ్ తలగుడ్డ సర్దుకుని, చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"నవ్వాఫ్. సాలిమ్ కొడుకుని, ముఫ్లిహ్ మనవణ్ణి," అన్నాడు. "సాయంత్రం కూడా అడుగు."