లెన్నీ గొంతు

"పెళ్ళాం బిడ్డల్ని సాకలేనివాడు మగాడెలా అవుతాడండీ?" అంది రేడియోలో బొంగురు గొంతు. "భత్యం మీద బతికేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. కోసెయ్యమనండి. మొత్తం కోసెయ్యమనండి."

చేపల ఫ్యాక్టరీలో కత్తులన్నీ ఒక్కసారి ఆగాయి.

"మళ్ళీ వీడే," అంది షెరిల్. "లెన్నీగాడు."

ఆ శీతాకాలం ఇంగ్లండు తీరాన ఉన్న గ్రిమ్స్‌బీ ఊరంతా అదే గొడవ. పని చేస్తున్నా జీతం చాలని కుటుంబాలకు సర్కారు నెలనెలా కలిపి ఇచ్చే భత్యాన్ని వసంతంలో కోసేస్తామన్నారు. మధ్యాహ్నం నుంచి ఆరింటిదాకా రేడియోలో దానిమీదే చర్చ. ఎవరైనా ఫోన్ చేసి మాట్లాడొచ్చు. లెన్నీ రోజూ చేసేవాడు. ఏ వీధివాడో, అసలు పేరేమిటో ఎవరికీ తెలియదు.

ఫ్యాక్టరీలో ఆడవాళ్ళందరికీ ఆ భత్యమే ఆధారం. లెన్నీ మాట వినపడితే చాలు, తిట్లు మొదలయ్యేవి. గ్వెన్ మాత్రం తల ఎత్తేది కాదు. ముళ్ళు తీస్తూ, తోలు ఒలుస్తూ, ఐసు నీళ్ళలో చేతులు ముంచుతూ ఉండిపోయేది.

"మా వీధి సంగతే చూడండి," అంటున్నాడు లెన్నీ. "చిప్స్ కొట్టు మీద మత్స్యకన్య బొమ్మకి తల విరిగి ఏడాదయింది. దాన్ని అతికించే నాథుడు లేడు గానీ, ఈ చెయ్యి చాచేవాళ్ళకి మాత్రం..."

షెరిల్ చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమంది. ఆమె ముఖం మెల్లగా విప్పారింది.

"ఒసేయ్ గ్వెన్! తలలేని మత్స్యకన్య మీ వీధిలోనే కదే!"

గ్వెన్ చేతిలో కత్తి జారింది. గ్లవ్‌ చిరిగి వేలు తెగింది. తెల్లటి చేపముక్క మీద ఎర్రటి చుక్క పడింది.

"చెప్పవే. పగలంతా ఇంట్లో కూచుని ఫోన్లు చేసే తీరిక మీ వీధిలో ఎవడికుంది?"

అందరూ గ్వెన్ చుట్టూ మూగారు. ఆమె తెగిన వేలిని చాలాసేపు నొక్కి పట్టుకుంది.

"క్లైవ్ మంబీ," అంది చివరికి. "మా పక్కింటాయన. బస్సుల్లో ఇన్స్‌పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఒక్కడే ఉంటాడు."

"నిజంగా వాడేనా?" అని అడిగింది పామ్. ఆమెది మెత్తటి మనసు.

"గోడ అవతలినుంచి రోజూ వింటున్నాను. ఆ గొంతే."

"ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్నావుటే!" అంది షెరిల్. "పక్కనే పాముని పెట్టుకుని ఎలా నిద్రపోయావే తల్లీ?"

ఆ సాయంత్రం గ్వెన్ ఇంటికి చేరేసరికి గుమ్మం ముందు మంబీ గొంతుక్కూచుని ఆమె చిన్నకూతురి సైకిలు గొలుసు ఎక్కిస్తున్నాడు. చేతులకి నల్లటి గ్రీజు.

"చలిలో ఎందుకు మీకీ శ్రమ?" అంది గ్వెన్, ఆయన కళ్ళలోకి చూడకుండా.

"శ్రమేముందమ్మా, పొద్దు పోవద్దూ! రాయ్ ఎలా ఉన్నాడు?"

"అలాగే ఉన్నాడు."

రేవులో పడి నడుం విరిగినప్పటినుంచి ఆమె భర్త రాయ్ గడప దాటడం లేదు. ఆ రాత్రీ పెట్టింది తిని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. గ్వెన్‌కి మాత్రం కన్ను మూతపడలేదు.

మర్నాడు నాలుగింటికే చీకటి పడింది. సముద్రం మీదినుంచి మంచు కమ్ముకొచ్చింది. డ్యూటీ దిగి, గ్వెన్‌తో కలిపి నలుగురాడవాళ్ళు ఆమె వీధిలోకి తిరిగారు. వాళ్ళ బట్టలనుంచి చేపల వాసన వాళ్ళకంటే ముందు నడుస్తోంది. షెరిల్ కోటు కింద ఇటుక ఉంది.

మంబీ ఇంట్లో దీపం వెలుగుతోంది. తెర వెనక ఆయన నీడ, చేతిలో కప్పు.

"ముందు తలుపు తట్టి అడుగుదామే," అంది పామ్. "ఎందుకిలా తిడుతున్నావని."

"అడిగితే ఒప్పుకుంటాడా?" అంది గ్వెన్ గబగబా. "కానివ్వండి. ఆలస్యం చెయ్యకండి."

ఆమె అంత తెగింపు ఎవరూ ఎరగరు. షెరిల్ ముచ్చటగా చూసి, ఇటుక ఆమె చేతిలోనే పెట్టింది.

"నువ్వే వెయ్యి. ముగ్గురు పిల్లల తల్లివి. నీ నోటికాడ కూడే లాగుతున్నాడు వాడు. అద్దం ఒక్కటి పగిలితే చాలు, మళ్ళీ నోరెత్తడు."

ఇటుక ఐసుకంటే చల్లగా ఉంది. గ్వెన్ కళ్ళు మూసుకుని విసిరింది.

అద్దం పగిలింది. వెంటనే లోపల కప్పు పగిలింది. ఆ తర్వాత, అంతకంటే బరువైనదేదో నేలమీద పడింది.

"ఎవరమ్మా అది?" అంది లోపలినుంచి సన్నటి గొంతు. మళ్ళీ ఏమీ వినపడలేదు.

"పడిపోయాడే! ఆంబులెన్సుని పిలవండే!" అంది పామ్ ఏడుపుగొంతుతో. షెరిల్ ఆమె రెక్క పట్టుకుని లాక్కుపోయింది. బూట్ల చప్పుడు మంచులో కలిసిపోయింది.

గ్వెన్ అక్కడే నిలబడింది. తెర వెనక దీపం వెలుగుతూనే ఉంది. నీడ మాత్రం పైకి లేవలేదు. వీధిలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆమె మంబీ గుమ్మంవైపు ఒకడుగు వేసి, ఆగి, వెనక్కి తిరిగి తన తలుపు తాళం మెల్లగా తిప్పింది.

నడవలో రాయ్ రోజూలాగే గోడకి ఆనుకుని, ఫోన్ చెవికి అదిమి పెట్టుకుని, "హలో, లెన్నీని మాట్లాడుతున్నానండీ," అంటున్నాడు.