వెండి పళ్ళెం

"మోకాలు వాచిన సంగతి నీకొక్కదానికే చెప్పానే! నమ్మితే ఇంత పని చేస్తావా?"

వింబుల్డన్ ఫైనల్ ముగిశాక, బట్టలు మార్చుకునే గదిలో ఎనిడ్‌ని నిలదీశాను. డబుల్స్‌లో నా జోడీ తను. రేషన్ చక్కెర కూడా పంచుకునేవాళ్ళం. ఇవాళ సింగిల్స్‌లో ఎదురెదురుగా ఆడాం.

"ఏం చేశానే?" అంది బూట్ల లేసులు విప్పుకుంటూ.

"నెట్ దాటగానే చచ్చిపడే బంతి కదా నీ బ్రహ్మాస్త్రం! దానికి నేను పరుగెత్తలేనని నీకు తెలుసు."

"తెలుసు. అందుకే ఒక్కటీ వెయ్యలేదు."

"అదే! బహుమతి ఇచ్చే రాజకుటుంబపు డచెస్‌గారికి మోకాలు వంచి వందనం చేస్తుంటే ప్రాణం పోయినంత పనైంది. ఆటంతా నొప్పెందుకు తెలియలేదో అప్పుడర్థమైంది."

గెలిచినందుకు ఆవిడ నా చేతికిచ్చిన వెండి పళ్ళెం ఎనిడ్ ఒళ్ళో పడేశాను.

"ఓడిస్తే ఏడ్చి ఊరుకునేదాన్ని. ముష్టి వేశావు కదే!"