అన్న పేరు మీద చలానా

"లోపలికి వెళ్ళాక, నీ మీద చలానాలేవీ లేవని మాత్రం చెప్పకన్నా," అన్నాడు వెనెల్.

కారు తలుపు సగం తెరిచిన ఒదిలోన్ ఆగిపోయాడు. ఒక కాలు బయట, ఒక కాలు లోపల. ఎదురుగా పౌరసత్వం ఇచ్చే ఆఫీసు ముందు జనం వరసకట్టి ఉన్నారు. మయామీ ఎండకి తారు అప్పుడే మెత్తబడుతోంది.

"లేనివాటిని ఉన్నాయని చెప్పమంటావా?"

"ఉందన్నా. ఒకటి. నీ పేరు మీద."

ఒదిలోన్ నవ్వాడు. "నా పేరు మీదా? ఒరేయ్, ఈ ఊళ్ళో ఏ హైతీవాణ్ణయినా అడుగు. చర్చి వ్యాన్ తాళాలు పాస్టర్‌గారు ఇంకెవరి చేతికీ ఇవ్వకుండా నాకే ఎందుకిచ్చారు? ఒక్క చలానా కూడా లేని డ్రైవర్నని."

"అది నువ్వు తెచ్చుకున్నది కాదు. నేను తెచ్చింది." వెనెల్ తల ఎత్తలేదు. స్టీరింగుకేసి చూస్తూ చెప్పాడు. "కొత్తగా వచ్చిన రోజుల్లో నాకింకా లైసెన్సు లేదు కదా. నీ కారేసుకుని పనికి పోతుంటే, హెడ్‌లైటు ఒకటి వెలగట్లేదని పోలీసు ఆపాడు. లైసెన్సు ఇంట్లో మరిచిపోయానన్నాను. పేరడిగాడు. నోట్లోంచి నీ పేరు వచ్చేసింది. పుట్టినరోజు కూడా నీదే చెప్పాను."

"నమ్మాడా?"

"వాడి కంప్యూటర్లో నీ ఫొటో కనబడింది. నన్ను చూశాడు, దాన్ని చూశాడు. మనిద్దరి మొహాలూ ఒకటే కదా."

"మరి ఇంటికి ఏ కాగితమూ రాలేదే?"

"వచ్చింది. ఉత్తరాల డబ్బాలోంచి నేనే తీసేశాను. జరిమానా కూడా నేనే కట్టేశాను."

ఒదిలోన్ కాలు లోపలికి లాక్కుని తలుపు వేశాడు. అద్దాలు అదిరాయి.

"ఇన్నేళ్ళు నా ఇంట్లో తిన్నావు, నా మంచం పక్కన పడుకున్నావు. ఈ రోజా చెప్పేది? నేను చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చి కూర్చున్నాకా?"

"భయమేసిందన్నా."

"కొట్టినవాడు మరిచిపోతాడు, మచ్చ మోసేవాడు మరవడు అనేది మన నానమ్మ. నీకు నిద్రెలా పట్టిందిరా?"

సంగతి ఇద్దరికీ తెలుసు. చిన్న చలానా ఉంటే ఏమీ కాదు, దాస్తేనే కొంప మునుగుతుందని చర్చిలో కాగితాలు నింపిపెట్టే ఆమె పదిసార్లు చెప్పింది. ఒదిలోన్ లేదంటే, కంప్యూటర్లో ఉందని తేలితే, అబద్ధాలకోరని రాసేస్తారు, పౌరసత్వం రాదు. హైతీలో, జాక్మెల్ ఊళ్ళో పిన్ని దగ్గర ఉన్న అతని కూతురు రోజ్‌లాండ్ ఇంకెన్నేళ్ళు అక్కడే ఉండాలో. 'ఉంది, కానీ అది నా తమ్ముడు నా పేరు చెప్పి తెచ్చింది' అంటే, వచ్చే ఏడు వెనెల్ పెట్టుకోబోయే దరఖాస్తు అక్కడితో సరి. పోలీసుకి దొంగపేరు చెప్పడం హెడ్‌లైటు వెలగకపోవడం లాంటిది కాదు.

"ఉంది, నాదే అనాలంటే ప్రమాణం చేసి అబద్ధమాడాలి," అన్నాడు ఒదిలోన్ కుడిచెయ్యి చూసుకుంటూ. "ఆదివారం అందరికీ ప్రభువు రొట్టె అందించే చెయ్యిరా ఇది."

"నిజమే చెప్పెయ్యన్నా. తమ్ముడు చేశాడని చెప్పు. రోజ్‌లాండ్ రావాలి. నా తిప్పలు నేను పడతాను."

ఒదిలోన్ మళ్ళీ తిట్టడానికి నోరు తెరిచాడు. తిట్టలేదు. జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"పేరు మార్చి చెప్పావని తర్వాత ఎవరూ పట్టుకోలేదా?"

"లేదన్నా."

"ఊఁ," అన్నాడు ఒదిలోన్. తమ్ముడి మొహంలోకి ఒకసారి చూసి, దిగి వెళ్ళిపోయాడు.

వెనెల్ కారులోనే ఉండిపోయాడు. అన్నకోసం పొద్దున్నే కొన్న ఉప్పుచేప పఫ్‌లు కాగితంలో చల్లారిపోయాయి. లోపలినుంచి ఒకామె చిన్న జెండా పట్టుకుని ఏడుస్తూ వచ్చింది. ఒకాయన ఫైలు చంకలో పెట్టుకుని ఎవరికేసీ చూడకుండా వెళ్ళిపోయాడు. అద్దాల తలుపు కదిలినప్పుడల్లా వెనెల్ మెడ చాచి చూశాడు. పోలీసులు వచ్చి తన కారు నంబరు చూస్తారేమోనని కూడా అనిపించింది.

చివరికి ఒదిలోన్ వచ్చాడు. మెల్లగా నడిచి వచ్చి కూర్చున్నాడు. పఫ్ ఒకటి తీసుకుని, తినకుండా చేతిలో పట్టుకున్నాడు.

"ఏమైందన్నా?"

"లోపల ఆఫీసరమ్మ ఇంగ్లీషు చదివించింది. ఒక వాక్యం రాయించింది. పాసయ్యానంది."

"చలానా అడిగిందా?"

"అడిగింది. ఒకటుందమ్మా, హెడ్‌లైటు వెలగలేదన్నాను. కట్టేశారా అంది. కట్టేశానన్నాను. కంప్యూటర్లో చూసి, సరే అని ఇంకో ప్రశ్నకి పోయింది."

"నా పేరు?"

"నీ పేరెందుకు వస్తుంది?"

వెనెల్ అన్న చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు. కళ్ళనీళ్ళు ఆగలేదు. "నాకోసం ఆ చెయ్యెత్తి అబద్ధమాడావా అన్నా. నీ రుణం ఎట్లా తీర్చుకోను?"

ఒదిలోన్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"వచ్చే ఏడు నువ్వు ఆ కుర్చీలో కూర్చుంటావు కదా. చలానాలున్నాయా అంటే, నువ్వూ లేవని చెప్పకు. ఒకటుందని చెప్పు. సముద్రం వంతెన దగ్గర ఎర్రలైటు దాటినందుకు. జరిమానా కట్టేసే ఉంది, భయపడకు."

వెనెల్ కళ్ళు తుడుచుకుని అయోమయంగా చూశాడు. "నా పేరు మీదా? ఆ వంతెన దగ్గర నేనెప్పుడూ లైటు దాటలేదన్నా."

"నువ్వు దాటలేదురా," అన్నాడు ఒదిలోన్. "దాటింది చర్చి వ్యాను."