మూడు చుక్కల గేర్లు

"ఒక్క గేరు కూడా మార్చడానికి వీల్లేదు. ముందే చెప్తున్నా" అన్నాడు యుగంధర్.

"అలాగే బాబూ" అన్నాడు అసిరయ్య.

దీవుల పట్నంలోని గోల్ ఘర్‌లో ఆ ఇంటి వరండాలో ఉన్నది డెబ్భై నాలుగు నాటి బుల్లెట్. యుగంధర్ తండ్రి కన్నారావుది. ఇంకో దీవిలోని హట్‌బేలో కాంట్రాక్టు పనులు చేయించేవాడాయన. సునామీ ఆయన్ని పట్టుకుపోయింది. మనిషి దొరకలేదు. మూడు వారాల తర్వాత కొబ్బరి దుంగల కింద బండి దొరికింది, షిప్పెక్కి ఇంటికొచ్చింది. ఆయనదంటూ ఆ ఇంటికి మిగిలింది ఆ ఇనుమొక్కటే.

ఏడాది తిరిగే రోజుకి దాన్ని నడిపించాలని కొడుకు పంతం. ఇంజిను ఎలాగో బాగుపడింది. గేర్ బాక్స్ మాత్రం ఉలకదు, పలకదు.

"కొత్త గేర్లు మెయిన్‌ల్యాండ్ నుంచి తెప్పించు భయ్యా" అని ఊళ్ళో మెకానిక్కులందరూ చేతులు దులిపేసుకున్నారు.

అప్పుడొచ్చాడు ఈ అసిరయ్య. ఎవరో, ఏమో! చౌల్దారీ నుంచి బస్సులో వచ్చాడు, భుజాన పనిముట్ల సంచి. "పాత బండి గేర్ బాక్స్ ఇప్పేవోడి కోసం తిరుగుతున్నారట గదా?" అన్నాడు. అంతే, కూర్చుని విప్పేశాడు.

మొదటి గేరు బయటికి రాగానే యుగంధర్ తుడిచి చూపించాడు. దాని మీద పంచ్‌తో కొట్టిన మూడు చుక్కలు. ఏ షెడ్డులో వదిలినా తన గేరు తనకే రావాలని కన్నారావు అన్నిటి మీదా కొట్టించుకున్నాడు. మరి దీవుల్లో స్పేరు పార్టుకున్న గిరాకీ పెళ్ళికొడుక్కి కూడా ఉండదు!

"ఈ చుక్కలున్నవే మళ్ళీ లోపలికెళ్ళాలి."

"అలాగే బాబూ."

రెండు వారాలు రోజూ వచ్చాడు. ఒక్కో ముక్కా కిరసనాయిల్లో కడిగేవాడు, గుడ్డ మీద వరసగా పేర్చేవాడు. చిన్న సామాను ఇంటికి పట్టుకెళ్ళి బాగుచేసి తెచ్చేవాడు. యుగంధర్ తల్లి నూకరత్నం "అన్నయ్యా, ఇంకో ముద్ద" అంటూ వడ్డించేది. ఆ ఇంట్లో మళ్ళీ మగమనిషి దగ్గు వినపడుతోందని ఆవిడ మురిసిపోయింది కూడా.

ఇంకో రెండ్రోజుల్లో ఏడాది తిరుగుతుందనగా, యుగంధర్ ఆఫీసు నుంచి పెందలాడే వచ్చాడు. గేర్లు షాఫ్టులకెక్కాయి. మూత ఇంకా బిగించలేదు.

వంగి చూశాడు. ఒక గేరు తిప్పాడు. ఇంకోటి తిప్పాడు.

చుక్కల్లేవు. ఒక్కదాని మీదా లేవు.

"ఇవి నాన్నవి కావు!"

అసిరయ్య చేతిలో స్పానరు ఆగిపోయింది. "కావు బాబూ. మాట తప్పినాను."

"మా గేర్లేవి?"

"నా ఇంటికాడున్నాయి. రేపు అట్టుకొచ్చి ఇచ్చేత్తాను."

"రేపా? ఈలోగా ఏ షెడ్డుకి అమ్మేద్దామని?"

"అది కాదు బాబూ, ఆటిని ఉప్పు..."

"నోరు ముయ్! అన్నం పెట్టిన ఇంటి వాసాలు లెక్కపెట్టావ్! చచ్చిపోయిన మనిషి సామాను దోచుకోడానికి సిగ్గు లేదూ? చోర్ కహీఁ కా!"

వీధి వీధంతా బయటికొచ్చింది. నూకరత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

అసిరయ్య మెల్లగా లేచాడు. "మూత బిగించీసి ఎల్తాను. దుమ్మెడతాది."

"ముట్టుకున్నావంటే చెయ్యి విరుగుద్ది!"

సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడు, ఏడాది తిరిగిన రోజూ రాలేదు. బండి కదలలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని యుగంధర్ ఆ రోజంతా కుతకుతలాడిపోయాడు. తెల్లారగానే చౌల్దారీ బస్సెక్కాడు. గేర్లు తెచ్చుకోవాలి, లేదా వాడి కాలరు పట్టుకోవాలి.

ఇంటికి తాళం. పక్కింటి గురువమ్మ ఒక మూట పట్టుకొచ్చింది.

"గోల్ ఘర్ బాబువి నువ్వేనా? ఇది నీకిమ్మన్నాడు. ఆయన నిన్న వైజాగ్ షిప్పెక్కీసినాడు, సెల్లెలి కాడికి. నా మొకం సూత్తే ఆ బాబుకి కోపం, నువ్వే ఇచ్చీ అన్నాడు."

విప్పాడు. తండ్రి గేర్లే. ఒక్కటీ తగ్గలేదు. నూనె రాసి, ఒక్కోదానికీ వేరుగా గుడ్డ చుట్టి ఉన్నాయి. పళ్ళు మాత్రం ఉప్పు తినేసి, గోటితో గీకితే పొడిపొడిగా రాలుతున్నాయి.



"మరి... నా బండిలో ఉన్నవెవరివి?"

గురువమ్మ పెరట్లో రేకుల పాక చూపించింది. లోపల అచ్చం అలాంటి బుల్లెట్టే. తళతళలాడుతోంది. గేర్ బాక్స్ ఖాళీ.

"ఆళ్ళబ్బాయి రాజేంద్రది. ఒక్కడే కొడుకు. డ్యూటీకని కార్ నికోబార్ ఎల్తా, నేనొచ్చే దాకా రోజూ ఓపాలి స్టార్ట్ సెయ్యి నాన్నా అని సెప్పెల్లినాడు. ఆ నీళ్ళొచ్చిన కాడ్నించీ ఆడి జాడ లేదు" అంది గురువమ్మ. "ఏడాదిగా ఒక్క పొద్దయినా మానకుండా స్టార్ట్ సేసుకుంటా కూకున్న మనిషి, నీ బండికి గేర్లు ఊడదీసిన రోజే ఆపీసినాడు బాబూ."