ఒక్క చిన్న అతుకు

పొద్దున్నే కళ్ళు తెరవబోతే తెరుచుకోలేదు. రెప్పల కింద గుప్పెడు ఇసుక పోసినట్టుంది. బలవంతాన ఒక కన్ను విప్పాడు. కిటికీలోంచి వచ్చిన కాస్త వెలుతురే సూదిలా గుచ్చుకుంది. మళ్ళీ మూసేశాడు. నీళ్ళు మాత్రం ధారగా కారుతున్నాయి.

"ఏమైంది?" అంది భార్య.

"నిద్ర చాల్లేదు."

"నిద్ర చాలకపోతే ఆవలింతలొస్తాయి. కన్నీళ్ళు రావు."

తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

నిన్న ఆదివారం. పూలకుండీలకి ఇనప స్టాండు తనే చేస్తానని ఎన్నాళ్ళుగానో ఊదరగొడుతున్నాడు. ఆ గోల భరించలేక, గ్రిల్స్ షాపు నడిపే బావమరిది చిన్న వెల్డింగ్ మిషను తెచ్చి పెరట్లో పెట్టాడు. పాఠం కూడా చెప్పాడు.

"నైలాన్ చొక్కా వద్దు బావా. రవ్వ పడితే ఒంటికి అతుక్కుపోతుంది. పొడుగు చేతుల నూలు చొక్కా వేసుకో. తోలు బూట్లు, గ్లౌజులు. తడి నేల మీద నిలబడకు. ఆ పెయింటు డబ్బాలు అవతల పెట్టేసి, బకెట్‌తో ఇసుక దగ్గర పెట్టుకో."

చివర్లో నల్లద్దం ఉన్న మాస్కు చేతికిచ్చి నవ్వాడు. "ఇక కళ్ళ సంగతి నీకు నేను చెప్పేదేముంది."

బావమరిది పక్కనున్నంతసేపూ అతను బుద్ధిమంతుడే. అతుకులు వంకరటింకరగా వచ్చాయి గానీ, వచ్చాయి. మూడు కాళ్ళు నిలబడ్డాక బావమరిదికి షాపు నుంచి ఫోనొచ్చింది. "నేనొచ్చేదాకా ముట్టుకోకు" అని చెప్పి వెళ్ళాడు.

మూడు కాళ్ళ స్టాండు ఎదురుగా ఉంటే చెయ్యి ఊరుకుంటుందా? మాస్కు దించుకుంటే అంతా చీకటి. రాడ్డు ఎక్కడ ఆనుతోందో తెలియదు. రెండుసార్లు గురి తప్పింది. విసుగొచ్చి మాస్కు పైకెత్తాడు. ఒక్క చిన్న అతుకే కదా అనుకున్నాడు. దాని పక్కన ఇంకొకటి కావాల్సివచ్చింది. అదీ చిన్నదే.

"అద్దం లేకుండా వేశారా?" అంది భార్య.

అతను తలగడలో మొహం దాచుకున్నాడు.

"వేశారన్నమాట." ఆమెకు ముందు నవ్వొచ్చింది. ఆ ఎర్రటి రెప్పలు చూశాక పోయింది. "లేవండి. చుక్కల మందు పడాల్సిందే."

"ఇవాళ ఆస్పత్రికి వెళ్ళను."

"సోమవారం. జనం ఎక్కువుంటారు. మానేస్తే ఎలా?"

"జనం ఉంటారనే మానేస్తానంటున్నా. ఆ గదిలో ఏ మొహం పెట్టుకుని కూర్చోను?"

ఆ గది సంగతి ఆమెకూ తెలుసు. వెల్డింగు మెరుపు చూసి వచ్చినవాళ్ళకి అక్కడ మందు కంటే ముందు చీవాట్లు పడతాయి. పోయినవారం గేట్లు చేసే పెద్దాయన ఒకడు వచ్చాడు. నెరిసిన తల. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇంటికి తాళం వేసుకోవడం తెలుసు గానీ కళ్ళకి అద్దం పెట్టుకోవడం తెలీదా? ఇంత వయసొచ్చింది, బుద్ధి రాలేదా? నీలాంటివాళ్ళకి మందు దండగ."

ఆ మాటలు బయట బెంచీల దాకా వినపడ్డాయి. అక్కడున్నవాళ్ళు నవ్వారు. పెద్దాయన ఏమీ అనకుండా చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. అదంతా అక్షరం పొల్లుపోకుండా అతని చెవుల్లో మోగుతోంది. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

"దుమ్ము పడిందని చెబుతాను."

"చెప్పండి. నోరు మీది."

ఆటో దిగేసరికి బెంచీలు నిండిపోయి ఉన్నాయి. ఆ ఆస్పత్రికి ఉన్నది ఒకటే గుమ్మం. అతను తడి తువ్వాలు నెత్తి నుంచి గడ్డం దాకా కప్పుకుని, భార్య చెయ్యి పట్టుకుని నడిచాడు.

"ఒక్క నిమిషం ఇక్కడ కూర్చోండి. సిస్టర్‌కి చెప్పొస్తాను" అని ఆమె లోపలికి వెళ్ళింది.

పక్కనెవరో జరిగి చోటిచ్చారు. "కూర్చో తమ్ముడూ. వెల్డింగేనా?"

గొంతు వినగానే గుర్తుపట్టాడు. పోయినవారం పెద్దాయనే. మళ్ళీ చూపించుకోవడానికి వచ్చినట్టున్నాడు. దుమ్ము మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. తువ్వాలు కిందనుంచే తలూపాడు.

"పనికి కొత్తా?"

మళ్ళీ ఊపాడు.

"అతుకు కనపడటంలేదని అద్దం ఎత్తుంటావు. కొత్తలో అందరం ఎత్తినవాళ్ళమే. నీకు కొత్త, సరే. తల నెరిశాక ఎత్తాను, నాకేం రోగం?" పెద్దాయన నవ్వాడు. "కళ్ళు మాత్రం రుద్దకు. రేపటికి తేలికపడుతుంది."

అతను రుద్దుతున్న చెయ్యి దించేశాడు.

"ఇక్కడి డాక్టరు చెయ్యి మంచిది తమ్ముడూ. నోరే కాస్త... తిడతాడు. ఎదురు చెప్పకు. తల వంచుకుని నిలబడితే రెండు నిమిషాల్లో అయిపోతుంది."

అతని తల అప్పటికే వంగి ఉంది. ఏదో చెప్పాలనుకున్నాడు. తువ్వాలు ఇంకాస్త ముందుకు లాక్కున్నాడు.

"ఇంత భయమైతే ఎలాగయ్యా? కావాలంటే నీతో నేనూ లోపలికొస్తా" అంటూ పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేశాడు.

తలుపు తెరుచుకుంది. అటెండరు గబగబా వచ్చి, పెద్దాయన చెయ్యి ఇంకా ఆని ఉన్న ఆ భుజం మీదే, రోజూ తొడిగే తెల్లకోటు కప్పి, "చుక్కల మందు సిద్ధంగా ఉంది, లోపలికి రండి డాక్టరుగారూ" అన్నాడు.