రెండో సొరుగు

“ఆ కేసుకి గడువమ్మతో నేనే వెళ్తాను. మధ్యాహ్నం భోజనాలప్పుడు పెద్ద మేడంని అడిగేస్తున్నా,” అన్నాడు నిచ్చెన, కాఫీ కప్పు కడుక్కుంటూ.

వాయిదా చేతిలోంచి ఫైలు జారింది. ఆ లా ఆఫీసులో ఇద్దరివీ పక్కపక్క బల్లలే. స్టూలు అక్కర్లేకుండా పై అరలో పుస్తకాలు అందుకుంటాడు కాబట్టి అతను నిచ్చెన. ఏ కేసుకైనా ముందు వాయిదా అడిగి, తర్వాత ఆలోచిస్తాడు కాబట్టి ఇతను వాయిదా. రెండేళ్ల కిందట ఆఫీసులో చేరిన మూడో రోజునే ఆ పేరు పడింది. పోయిన నెల తన పుట్టినరోజు కేకు కోయడం కూడా ఎల్లుండికి మార్పించాడు.

ఇక గడువమ్మ. గోడ క్యాలెండరు మీద ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి, ఏ కాగితానికి ఏ రోజు ఆఖరో అందర్నీ హెచ్చరించే జూనియరు లాయరు. ఆమెకి చెప్పాల్సిన ఒకే ఒక్క మాటని వాయిదా రెండేళ్లుగా వాయిదా వేస్తున్నాడు. ఆ సంగతి నిచ్చెనకి తెలుసు. తెలిసీ ఇలా అంటున్నాడు.

“పది రోజులు రా. వేరే ఊళ్లో. మీరిద్దరే,” అన్నాడు వాయిదా నీరసంగా.

“అందుకే కదా అడుగుతున్నది.”

“నువ్వు నా స్నేహితుడివేనా?”

“స్నేహితుణ్ణే కాబట్టి ఇన్నాళ్లు ఆగాను. నువ్వు చెప్పవు, ఇంకొకణ్ణి చెప్పనివ్వవు. ఎంతకాలం?”

గడువమ్మ ఇంకొకరితో నవ్వుతూ బస్సెక్కడం వాయిదాకి కళ్లకి కట్టినట్టు కనిపించి, ఏడుపొచ్చినంత పనైంది.

ఆఫీసు నడిపే పెద్ద మేడం దగ్గర ఒక పద్ధతుంది. తగువు ఫ్యాను స్పీడు మీదైనా, కిటికీ పక్క కుర్చీ మీదైనా కాగితం మీద రాసివ్వాల్సిందే. నోటి మాట వినరు. మధ్యాహ్నం డబ్బాల మూతలు తీసే వేళకి రెండు పక్షాలూ విని, పేపర్‌వెయిట్‌తో బల్ల మీద ఒక్కటి కొట్టి తీర్పు చెప్పేస్తారు.

వాయిదా తన బల్ల దగ్గరికి పరుగెత్తాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పావుగంటలో ఒక కాగితం తయారుచేశాడు. కేవియట్. అంటే, ఫలానా విషయంలో నా మాట వినకుండా ఎవరికీ ఏ ఆర్డరూ ఇవ్వొద్దని ముందే చెప్పిపెట్టుకోవడం. ఒకసారి వేస్తే తొంభై రోజులు పనిచేస్తుంది. ఆ తర్వాత మళ్లీ వేసుకోవాలి.

మేడం కళ్లద్దాలు సర్దుకుని చదివారు. “గడువమ్మతో ఊరెళ్లేది ఎవరన్నదా తగువు? బాగుంది. కానీ నాయనా, ఈ ప్రయాణానికి ఇంతకుముందే ఒక కేవియట్ అడ్డం ఉంది.”

“ఎవరు వేశారు మేడం?”

“భోజనాలప్పుడు చదువుతాలే,” అని ఆ కాగితాన్ని తన బల్ల రెండో సొరుగులో పెట్టి తాళం వేసేశారు.

ఇంకెవరు వేస్తారు? వాయిదాకి ఒళ్లు మండిపోయింది. వెళ్లి నడవాలో నిచ్చెనని పట్టుకున్నాడు.

“నాకు ఇప్పుడు చెప్పినట్టే చెప్పి, ముందే కాగితం వేసి కూర్చున్నావా? ఇవాళ్టి నుంచి నీకూ నాకూ మాటల్లేవు.”

“నేనా? నేనింకా పిటిషనే రాయలేదు రా.”

“అబద్ధం.”

“సరే, అబద్ధమే. మాటల్లేవన్నవాడివి మరి ఎందుకు మాట్లాడుతున్నావు?”

ఒంటిగంటకి అందరూ కాన్ఫరెన్స్ గదిలో చేరారు. గడువమ్మ డబ్బా మూత తీసి, ఎవరి వంకా చూడకుండా కూర్చుంది. ఆమె వెనక గోడ మీద క్యాలెండరు. ఇవాళ్టి తేదీ చుట్టూ ఎర్ర సున్నా ఉంది. కింద ఉండాల్సిన కేసు నంబరు మాత్రం లేదు.

“ముందు ఎవరు?” అన్నారు మేడం.

నిచ్చెన లేచాడు. “నేనేమీ అడగడం లేదు మేడం. నాకసలు బస్సు ప్రయాణమే పడదు. వీణ్ణి కుర్చీలోంచి లేపడానికి ఇంకో దారి దొరక్క అలా అన్నాను.”

వాయిదా చెవులు ఎర్రబడ్డాయి. పొద్దున్నుంచీ పెంచుకున్న కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. “మరి ఆ కేవియట్?” అన్నాడు గొణుగుతూ.

మేడం రెండో సొరుగులోంచి తెచ్చిన కట్ట ముందుకి లాగి పైకాగితం చదివారు. “‘వాయిదా అనబడు జూనియరు లాయరుతో కలిసి చేసే కేసు గానీ, వెళ్లే ప్రయాణం గానీ, ఆయనకి సంబంధించిన మరే శాశ్వతమైన ఏర్పాటు గానీ, నా మాట వినకుండా ఎవరికీ ఇవ్వకూడదని మనవి.’”

“నా గురించా?”

“నీ గురించే. ఇన్నాళ్లూ నీ కోసం ఎవరూ పోటీకి రాలేదు కాబట్టి దీన్ని బయటికి తియ్యాల్సిన అవసరం పడలేదు,” అంటూ కట్ట అతని చేతికిచ్చారు.

గదిలో నవ్వులు. అతనికి అవేవీ వినిపించలేదు. ట్యాగు వేసి కట్టిన ఎనిమిది కాగితాలు. ఎనిమిదింటిలోనూ అదే మనవి, అదే సంతకం. అన్నిటికన్నా అడుగున ఉన్నదాని తేదీ, అతను ఆఫీసులో చేరిన రెండో వారానిది.

తలెత్తి చూశాడు. గడువమ్మ డబ్బా మూత పెట్టేసి, మొదటిసారి అతని కళ్లలోకి సూటిగా చూసింది.

“తొంభై రోజులకొకటి. ఒక్కరోజు కూడా మధ్యలో పోనివ్వలేదు. ఎనిమిదోదాని గడువు ఇవాళ్టితో సరి,” అంది. “తొమ్మిదోది టైపు చేసి ఉంచాను. వెయ్యనా, ఇక అక్కర్లేదా?”